పొరుగు రాష్ట్రంలో సీఎస్ఈ సీటు: మే నెలలో కట్టిన ఫీజు ఎవరిది?

"మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. చెన్నై శివార్లలో ఉన్న ఒక డీమ్డ్ యూనివర్సిటీ పెట్టిన పరీక్ష రాస్తే కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. ఆలస్యం చేస్తే సీటు పోతుందన్నారు. మే నెలలోనే మొదటి ఏడాది ఫీజు మూడు లక్షలు కట్టేశాం. హాస్టల్‌కు కట్టింది వేరు. ఇప్పుడు ఒరిజినల్ మెమోలు, టీసీ తెచ్చి ఇమ్మంటున్నారు. ఇక్కడ ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది. మంచి కాలేజీ వస్తే ఆ డబ్బు తిరిగి వస్తుందా? అక్కడే చేర్పిస్తే పాపకు లోకల్ పోతుందని మా బావమరిది అంటున్నాడు, నిజమేనా? రీయింబర్స్‌మెంట్ వస్తుందా? రేపు ఏదైనా గొడవైతే తమిళనాడు కోర్టుల చుట్టూ తిరగాల్సిందేనా?"

నరసరావుపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నలివి. అడిగింది ఆయనొక్కరే అయినా, వెల్లూరుకో బెంగళూరుకో కోయంబత్తూరుకో జలంధర్‌కో పిల్లల్ని పంపుతున్న ఇళ్లన్నిటిలో ఇవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి కాస్త వివరంగానే జవాబు చెబుతాను.

చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలు చాలావరకు ఏప్రిల్, మే నెలల్లో తమ పరీక్షలు ముగించి వెంటనే ఫీజుకు గడువు పెడతాయి. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల జోసా కౌన్సెలింగ్ జూన్, జూలైలలో నడుస్తుంది. మన ఈఏపీసెట్ సీట్లు తేలేసరికి జూలై, ఆగస్టు వచ్చేస్తుంది. ఏ సీటు వస్తుందో తెలియకముందే తల్లిదండ్రులు లక్షలు కట్టాల్సి రావడం ఈ ఏర్పాటులోనే ఉన్న లోపం. దానికి విరుగుడుగా యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) కొన్ని నిబంధనలు పెట్టింది. అవి ఉన్నాయని తెలియక చాలామంది కట్టిన డబ్బు వదిలేసుకుంటున్నారు.

ఫీజు ఎంత తిరిగి వస్తుంది?

2018 అక్టోబరులో యూజీసీ ఫీజుల వాపసు, ఒరిజినల్ సర్టిఫికెట్ల మీద ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్ర యూనివర్సిటీలు, వాటి అనుబంధ కాలేజీలు, ప్రైవేటు యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. లెక్క మొత్తం ఒక తేదీ చుట్టూ తిరుగుతుంది. ఆ సంస్థ అధికారికంగా ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీ అది.

మీరు కట్టిన మూడు లక్షలనే తీసుకుందాం. ఆ చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే సీటు వదులుకుంటే మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఖర్చు కింద ఐదు శాతం పట్టుకోవచ్చు గానీ అది 5,000 రూపాయలు దాటకూడదు. అంటే మీకు 2,95,000 రావాలి. చివరి తేదీకి 15 రోజుల లోపు సమయం ఉండగా వదులుకుంటే 90 శాతం, అంటే 2,70,000. చివరి తేదీ దాటి 15 రోజుల లోపైతే 80 శాతం, 2,40,000. చివరి తేదీ తర్వాత 16వ రోజు నుంచి 30వ రోజు వరకు సగం. 30 రోజులు దాటాక ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఈ కోతల్లోకి రాదు, దాన్ని పూర్తిగా ఇవ్వాలి. అర్జీ అందిన 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని కూడా అందులోనే ఉంది.

దీనికి తోడు, కౌన్సెలింగులు ఆలస్యమవుతున్న కారణంగా ఇటీవలి సంవత్సరాల్లో యూజీసీ ఏ ఏడాదికి ఆ ఏడాది ఇంకా ఉదారమైన ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. ఉదాహరణకు 2024-25 విద్యాసంవత్సరానికి 2024 సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకున్నవారికి పైసా కోత లేకుండా మొత్తం ఇవ్వాలని, అక్టోబరు 31 వరకు వదులుకుంటే 1,000 రూపాయలకు మించి పట్టుకోరాదని చెప్పింది. ఆ తర్వాతే 2018 నాటి లెక్క వర్తిస్తుంది. మీ పాప చేరే ఏడాదికి ఏ తేదీలు పెట్టారో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసి, ఆ ఉత్తర్వు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో మాట్లాడే అడ్మిషన్ కౌన్సెలర్‌కు ఆ ఉత్తర్వు సంగతి చాలాసార్లు తెలియదు, తెలిసినా చెప్పడు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఫోన్ చేసి "మేం రావడం లేదండీ" అని ఊరుకోవడం. ఫోన్ మాటకు తేదీ ఉండదు. సీటు వదులుకుంటున్నామని, ఫలానా ఖాతాకు ఫీజు తిరిగి పంపమని పాప పేరుతో ఈమెయిల్ పెట్టండి. రిజిస్ట్రార్‌కు, అడ్మిషన్ల డైరెక్టర్‌కు పంపండి. సంస్థ పోర్టల్‌లో విత్‌డ్రాయల్ ఫారం ఉంటే అదీ నింపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. అదే ఉత్తరం కాపీని స్పీడ్ పోస్టులో కూడా పంపితే మంచిది. మీకు తొంభై శాతం రావాలా, సగం రావాలా అన్నది ఆ ఈమెయిల్ తేదీ మీదే తేలుతుంది.

హాస్టల్ డబ్బు దగ్గర పేచీ ఎక్కువ. హాస్టల్ వేరే సంస్థ నడుపుతోందని, దానికి యూజీసీ నిబంధన వర్తించదని వాదిస్తారు. కట్టేముందే హాస్టల్ వాపసు నిబంధన ఎక్కడ రాసి ఉందో అడగండి. రసీదు ఎవరి పేరున ఇస్తున్నారో చూడండి. యూనివర్సిటీ పేరున ఒకే రసీదు ఇచ్చి ఉంటే మీ వాదన బలంగా ఉంటుంది.

నాలుగేళ్ల ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామని కొందరు ఆశపెడతారు. విద్యార్థి ఏ సెమిస్టరు లేదా ఏ ఏడాది చదవబోతున్నాడో ఆ ఫీజు మాత్రమే ముందుగా తీసుకోవాలని అదే 2018 నోటిఫికేషన్ చెబుతోంది. అంతకుముందే, 2003లో, ఇస్లామిక్ అకాడమీ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే అంది. విద్యార్థి మధ్యలో మానేస్తాడన్న భయం సంస్థకు ఉంటే బాండు లేదా బ్యాంకు గ్యారంటీ అడగవచ్చు గానీ మొత్తం కోర్సు ఫీజు ముందే లాక్కోకూడదు.

"ఎట్టి పరిస్థితుల్లోనూ ఫీజు తిరిగి అడగను" అని రాయించుకున్న కాగితం మీద సంతకం చేశామని కొందరు భయపడతారు. సంస్థ రాయించుకున్న హామీపత్రం యూజీసీ నిబంధనను రద్దు చేయలేదు. పైగా ఇంటర్ పూర్తయిన పిల్లల్లో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండవు. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని మన కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం శతాబ్దానికి పైగా కోర్టులు చెబుతూనే ఉన్నాయి. కింద మీరు పెట్టిన సంతకం మాత్రం మీది. దాన్ని మీరు చదివే పెట్టాలి.

ఒరిజినల్స్ ఇవ్వకండి

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. మార్కుల మెమోలు, టీసీ వంటి ఒరిజినల్స్‌ను ఉన్నత విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదు. విద్యార్థి ఎదుటే సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, స్వయంగా ధ్రువీకరించిన కాపీలు మాత్రమే ఉంచుకోవాలి. అనుమానం ఉంటే ఇంటర్ బోర్డుకు రాసి తెలుసుకోవాలి. ఇది కూడా 2018 నోటిఫికేషన్‌లోనిదే. "మా దగ్గర అందరూ ఇస్తారండీ" అని కౌంటర్‌లో అంటే, నిబంధన కాపీ చూపించి, తీసుకుంటున్నట్టు సీలు వేసి రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. రాసి ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు, కాగితాలు వెనక్కి వస్తాయి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వాపసు కోరుతూ ఈరోజే ఈమెయిల్ పెట్టండి.

వేరే రాష్ట్రానికి వెళ్తున్నారు కాబట్టి ఇంటర్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు. సెప్టెంబరులో హడావిడి పడకుండా ఇప్పుడే దరఖాస్తు చేయండి.

బోర్డు మీద పేరు చదవండి

డబ్బు కట్టేశాక ఇది చెప్పడం ఆలస్యమే. ఇంకా కట్టనివాళ్ల కోసం చెబుతున్నాను.

డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి ఉందో యూజీసీ చట్టం 1956, 22వ సెక్షన్ చెబుతుంది. పార్లమెంటు లేదా రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీకి, మూడో సెక్షన్ కింద కేంద్రం డీమ్డ్ హోదా ఇచ్చిన సంస్థకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థకు మాత్రమే ఆ హక్కు ఉంది. ఈ నిబంధన ఉల్లంఘిస్తే శిక్ష 24వ సెక్షన్‌లో ఉంది: వెయ్యి రూపాయల వరకు జరిమానా. దొంగ డిగ్రీ అమ్మేవాడికి అది ఒక టీ పార్టీ ఖర్చు కూడా కాదు. అందుకే యూజీసీ ఏటా ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితాను మనమే చూసుకోవాలి.

నకిలీల కంటే తల్లిదండ్రుల్ని ఎక్కువ గందరగోళపెట్టేది ఒకే పేరున్న వేర్వేరు యూనివర్సిటీలు. వెల్లూరు విట్ డీమ్డ్ యూనివర్సిటీ. అమరావతిలోని విట్-ఏపీ ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద ఏర్పడిన వేరే యూనివర్సిటీ. కట్టంకుళత్తూరు ఎస్ఆర్ఎం, అమరావతి ఎస్ఆర్ఎం సంగతి కూడా అంతే. అమృత విశ్వవిద్యాపీఠం విషయంలో అలా కాదు, కోయంబత్తూరు, అమృతపురి, చెన్నై, అమరావతి క్యాంపస్‌లన్నీ ఒకే డీమ్డ్ యూనివర్సిటీవి. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ డిగ్రీ పట్టా ఎవరి పేరు మీద వస్తుందో, ర్యాంకింగు ఎవరిదో, ప్రకటనలో చూపించిన ప్లేస్‌మెంట్ అంకెలు ఏ క్యాంపస్‌వో తెలుసుకునే హక్కు మీకుంది. కన్సల్టెన్సీ మనిషి ఈ మూడింటినీ కలిపేసి ఒకే మాటగా చెబుతాడు.

ఒక రాష్ట్రం చట్టం కింద ఏర్పడిన ప్రైవేటు యూనివర్సిటీ మరో రాష్ట్రంలో సెంటరు తెరిచి అక్కడే బీటెక్ ఇస్తామంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. ఛత్తీస్‌గఢ్ 2002లో చేసిన చట్టంతో నూటికి పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. కొన్నింటికి సొంత భవనాలు కూడా లేవు. యూజీసీ మాజీ ఛైర్మన్ ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని సంబంధిత నిబంధనల్ని కొట్టేసింది. రాష్ట్ర చట్టం అధికారం ఆ రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగుతుందని అందులోనే స్పష్టం చేసింది. దూరవిద్యలో బీటెక్ ఇస్తామన్న డీమ్డ్ యూనివర్సిటీల కథ 2017 నవంబరులో ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసుతో ముగిసింది. డీమ్డ్ సంస్థలు ఉత్త 'యూనివర్సిటీ' అని రాసుకోకూడదని కోర్టు అన్నది కూడా ఆ తీర్పులోనే. గేటు మీద పేరు పక్కన 'డీమ్డ్ టు బి యూనివర్సిటీ' అని ఇప్పుడు కనిపించడానికి కారణం అదే.

బయటి రాష్ట్రం వాళ్లకు ఎక్కువ ఫీజా?

ఈ ప్రశ్న రాజ్యాంగమంత పాతది. మధ్యభారత్ ప్రభుత్వం ఇండోర్ మెడికల్ కాలేజీలో స్థానికులకు లేని క్యాపిటేషన్ ఫీజును బయటివాళ్ల మీద వేస్తే, డి.పి. జోషి అనే విద్యార్థి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1955లో మెజారిటీ జడ్జీలు అతని వాదన ఒప్పుకోలేదు. రాజ్యాంగం 15వ అధికరణం పుట్టిన చోటును బట్టి వివక్ష వద్దంటుందే గానీ నివాసం గురించి చెప్పదని వాళ్ల తర్కం. తర్వాత కర్ణాటక వచ్చింది. 1989లో ఆ ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ప్రభుత్వ సీటుకు 2,000, కర్ణాటక విద్యార్థికి 25,000, బయటి రాష్ట్రం విద్యార్థికి 60,000 వరకు అని మూడు ధరలు పెట్టింది. మీరట్ నుంచి తుమకూరు వచ్చిన మోహినీ జైన్ దాన్ని సవాలు చేసింది. 1992లో సుప్రీంకోర్టు ఆ ఎక్కువ వసూలును క్యాపిటేషన్ ఫీజు అంది, చెల్లదంది. మరుసటి ఏడాదే మన రాష్ట్రం పేరుతో ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో ఆ తీర్పును కొంత సవరించారు.

ఇవాళ్టి స్థితి ఏమిటంటే, సీటు రకాన్ని బట్టి ఫీజు మారవచ్చు. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీట్లు ప్రధానంగా ఆ రాష్ట్రంలో చదివినవాళ్లకు దక్కుతాయి. మన పిల్లలకు దొరికేవి ప్రైవేటు కాలేజీల ఉమ్మడి పరీక్ష కామెడ్-కే సీట్లు, మేనేజ్‌మెంట్ సీట్లు. వాటి ఫీజు ఎక్కువ, అది చట్టవిరుద్ధం కాదు. కానీ ప్రకటించిన ఫీజుకు పైన 'డొనేషన్' పేరుతో రసీదు లేకుండా తీసుకుంటే అది క్యాపిటేషన్ ఫీజే. కర్ణాటకలో 1984 నుంచి, తమిళనాడులో 1992 నుంచి, మన దగ్గర 1983 నుంచి దాన్ని నిషేధించే చట్టాలున్నాయి. మన రాష్ట్ర ఫీజుల నియంత్రణ సంస్థలకు మాత్రం చెన్నై యూనివర్సిటీ మీద ఏ అధికారమూ లేదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అర్జీ పెట్టి ఎదురుచూడకండి.

సీటు ఇప్పిస్తానని మీ ఊళ్లోనే డబ్బు తీసుకున్న కన్సల్టెన్సీ మోసం చేస్తే అది వేరే కథ. అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు. మీ పోలీస్ స్టేషన్‌లోనే పెట్టవచ్చు.

కులం, లోకల్, రీయింబర్స్‌మెంట్

ఉత్తరంలో మీరు అడగకపోయినా రిజర్వేషన్ సంగతి చెప్పాలి, చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి కులం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. మహారాష్ట్ర జాబితాలో అది లేదు. బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు కోరితే 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కాదంది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాలవారీగా తయారయ్యాయి కాబట్టి ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రానికి వెంట రాదన్నది తీర్పు సారాంశం. తమిళనాడు ప్రభుత్వ కోటాలో మన కులధ్రువీకరణ పత్రం పనిచేయకపోవడానికి కారణం ఇదే. కేంద్ర సంస్థలైన ఐఐటీ, ఎన్ఐటీలలో పనిచేస్తుంది. బీసీలు మాత్రం తమ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో విడిగా చూసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ అందులో లేదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే అడుగుతారు.

ఇక మీ బావమరిది చెప్పిన లోకల్. సగం నిజం, సగం కాదు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు రకాలు. ఉద్యోగాల ఉత్తర్వు బడి చదువును చూస్తుంది. తెలంగాణలో 2018 ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. ఆంధ్రాలోనూ 1975 నుంచి వచ్చిన పద్ధతిలో పదో తరగతి వరకు సాగిన చదువే ఆధారం. కాబట్టి పాప బీటెక్ చెన్నైలో చదివినంత మాత్రాన గ్రూప్స్ రాసేటప్పుడు నాన్‌లోకల్ అయిపోదు. బడి స్టడీ సర్టిఫికెట్లు భద్రంగా ఉంచండి.

కాలేజీ ప్రవేశాల ఉత్తర్వు వేరు. 1974 నాటి ఆ ఉత్తర్వు అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుసగా నాలుగేళ్ల చదువును చూస్తుంది. ఎంటెక్‌కు అర్హత పరీక్ష బీటెక్. ఆ నాలుగేళ్లూ తమిళనాడులో గడిస్తే, తర్వాత ఇక్కడ పీజీఈసెట్ ద్వారా ఎంటెక్ సీటు కోరినప్పుడు 85 శాతం లోకల్ కోటా చేజారే అవకాశం ఉంది. మీ బావమరిది మాట ఇక్కడ వర్తిస్తుంది. మిగతా 15 శాతంలో, తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివసించిన ఆధారంతో పోటీపడవచ్చని పాత ఉత్తర్వులో ఉంది. విభజన చట్టం 95వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024తో ముగిసింది. అప్పటినుంచి ఈ నిబంధనల్లో మార్పులు జరుగుతున్నాయి కాబట్టి ఎంటెక్‌కు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్ చదివాకే నిర్ణయం తీసుకోండి. నిజానికి సీఎస్ఈ చదివే పిల్లల్లో ఎంటెక్‌కు ఇక్కడికి తిరిగి వచ్చేవారు తక్కువ. దీనికోసం సీటు వదులుకోమని నేను చెప్పను.

రీయింబర్స్‌మెంట్ ఆశ పెట్టుకోవద్దు. మన రెండు రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాలు రాష్ట్రంలోని కాలేజీల కోసం పెట్టినవి. ఎస్సీ విద్యార్థులకు మాత్రం కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. బయటి రాష్ట్రంలో చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఇబ్బంది వస్తుంది కాబట్టి చేరకముందే జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మిగతావాళ్లకు విద్యారుణమే దారి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికైన సంస్థల జాబితాలో మీ యూనివర్సిటీ ఉంటే పూచీకత్తు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు పది లక్షల వరకు అప్పుమీద మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది.

గొడవైతే ఎక్కడికి?

2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు మీకు మొదటి ఆయుధం. ప్రాస్పెక్టస్‌లో లేని డబ్బు అడగడం, తప్పుదోవ పట్టించే ప్రాస్పెక్టస్ వేయడం, సర్టిఫికెట్లు పట్టుకుని డబ్బు కట్టమనడం, ఫీజు తిరిగి ఇవ్వకపోవడం ఇవన్నీ 'ఫిర్యాదు' అనే నిర్వచనంలోనే ఉన్నాయి. ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి కలగకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన రిటైరైన వైస్ ఛాన్సలరో ప్రొఫెసరో జిల్లా జడ్జో అయి ఉంటారు. నెల రోజుల్లో తేల్చాలి. ఇదంతా ఆన్‌లైన్‌లో నడుస్తుంది. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఏకకాలంలో ఫిర్యాదు పెట్టండి. ఫీజు వాపసు తగాదాలు చాలావరకు ఇక్కడే తెగుతాయి. యూజీసీ నుంచి ఒక ఉత్తరం వస్తే అకౌంట్స్ సెక్షన్‌లో ఫైలు కదులుతుంది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని లాయర్లే సలహా ఇస్తుంటారు. నేను జాగ్రత్త చెబుతాను. సేలంలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీ మీద మనూ సోలంకీ తదితరులు వేసిన కేసులో, విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ విస్తృత ధర్మాసనం చెప్పింది. కోచింగ్ సెంటర్లను మాత్రం అందులోంచి మినహాయించింది. అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. మీరు అక్కడ కేసు వేస్తే మొదటి రెండేళ్లు అసలు కేసు నిలుస్తుందా లేదా అన్న వాదనకే పోవచ్చు.

హైకోర్టులో రిట్ దారి ఉంది. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీ కూడా ప్రజా విధి నిర్వర్తిస్తోంది కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కిందికి వస్తుందని 2015లో జానెట్ జయపాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు కూడా తమిళనాడుదే. వివాదానికి కారణమైన సంఘటనల్లో కొంత భాగం ఇక్కడ జరిగిందని చూపించగలిగితే ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు కూడా వెళ్లవచ్చని 226లోని రెండో క్లాజు చెబుతుంది. అయితే నరసరావుపేట బ్యాంకు నుంచి డబ్బు పంపామన్న ఒక్క కారణం సరిపోతుందని ధీమాగా ఉండకండి. సౌకర్యమైన చోటు మద్రాసు హైకోర్టేనని జడ్జిగారు పంపించేయవచ్చు.

ర్యాగింగ్ జరిగితే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం సంస్థ అధిపతి 24 గంటల్లో పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఆయన చేయకపోతే మీరు చెన్నై వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. నరసరావుపేట స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయించి అక్కడికి బదిలీ చేయమని అడగండి. "మా పరిధి కాదు" అన్న జవాబు ఇప్పుడు చెల్లదు.

తమిళం రాదు, చెన్నైలో లాయరు తెలియదు, లాయరు ఫీజు ఇచ్చుకోలేం అన్న బెంగ మీ చివరి ప్రశ్న వెనుక ఉండవచ్చు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. అర్జీ మీ పేరు మీద కాకుండా పాప పేరు మీద పెట్టండి. యూనివర్సిటీ చెంగల్పట్టు జిల్లాలో ఉంటే ఆ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, లేదా 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఫీజు రసీదులు, ప్రాస్పెక్టస్ పేజీలు, మీరు పెట్టిన ఈమెయిళ్లు, యూజీసీ ఉత్తర్వు ప్రింటు, అంబుడ్స్‌పర్సన్ ఇచ్చిన జవాబు తేదీల వరుసలో పెట్టి వాళ్ల చేతికివ్వండి.